రేకుల మీద తెల్లరంగు

నేను భాషాశాస్త్రం పాఠాలు చెప్పుకునే మనిషిని. కలకత్తాలో ఉద్యోగం వచ్చి భవానీపూర్‌లో కాపురం పెట్టినప్పటి నుంచీ మాండలికాలూ, ఉచ్చారణలూ, విద్యార్థుల సిద్ధాంత వ్యాసాలూ, ఇవే నా లోకం. రోగాలతో, ఇళ్ల పైకప్పులతో నాకు పని పడుతుందని ఎన్నడూ అనుకోలేదు.

ఒకరోజు మా విశ్వవిద్యాలయంలోనే ప్రజారోగ్యం బోధించే డాక్టరు ఒకావిడ నా గదికి వచ్చింది. బెంగాలీ అమ్మాయి, నాకంటే బాగా చిన్నది. ముఖపరిచయమే తప్ప అంతకుముందు మేం మాట్లాడుకున్నది లేదు. ఇంజనీరింగు వైపు నుంచి ఒక ఆర్కిటెక్టు, ఆవిడ, విదేశీ విశ్వవిద్యాలయం ఒకటీ కలిసి ఒక పని మొదలుపెట్టారు. ఎండలు ఏటేటా ముదిరిపోతున్న నగరాల్లో, రేకుల గదుల్లో బతికేవాళ్ల ఆరోగ్యం ఏమవుతోందో చూడటం ఆ పని. ఇలాంటి బృందాలే వేరే దేశాల్లోనూ ఉన్నాయి. కలకత్తా వంతు వీళ్లది.

"ఏక్‌బాల్‌పూర్‌లో, రేవు వెనక ఒక సందు ఉంది దీదీ. అందులో చాలామంది తెలుగువాళ్లే. మా ప్రశ్నలు అక్కడ పారడం లేదు. ఎవరిని అడిగినా బాగానే ఉన్నాం అంటారు. వాళ్ల గదిలో కాసేపు కూర్చుంటే నాకే కళ్లు తిరిగాయి. మీరొకసారి రాగలరా?" అంది.

ప్రజారోగ్యం కోసం వెళ్లానని చెప్పుకుంటే అబద్ధమే అవుతుంది. ఇంటి గడప దాటితే తెలుగు వినపడని ఊళ్లో, ఎక్కడో ఒక సందు నిండా తెలుగు ఉందంటే వెళ్లాలనిపించింది. అందుకే వెళ్లాను.

ఆ సందులో ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవలేరు. ఒక వైపు కుట్టుమిషన్ల చప్పుడు, ఇంకో వైపు మురికికాలువ. డాక్టరు నన్ను మొదట తీసుకెళ్లింది ఒక ముసలి దంపతుల గదికి. ఆయన రేవులో క్రేను నడిపి రిటైరైన మనిషి. ఊపిరితిత్తులు పాడై, గుమ్మం పక్కన నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆవిడ ఒక నర్సింగ్‌హోములో ఆయాగా చేసి మానేసింది. ఆవిడ తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి వచ్చినవాడట. గోడ మీద చర్చి క్యాలెండరు, కింద నిగనిగలాడే స్టీలు గిన్నెల వరస.

నేను తెలుగులో నమస్కారం పెట్టగానే ఆవిడ ముఖం విప్పారింది.

"ఏటమ్మా, నువ్వు తెలుగోళ్ల పిల్లవేటి? ముందే సెప్పొద్దా! ఈ డాక్టరమ్మతో బంగ్లా మాటాడి మాటాడి నోరు నొప్పెట్టింది."

నేను ఏం చేస్తుంటానని అడిగింది. పాఠాలు చెబుతానంటే, "అయితే పంతులమ్మవు" అంది. అప్పటి నుంచి నేను పంతులమ్మనే. నేను ఆవిడని పెద్దమ్మా అనేదాన్ని.

డాక్టరు తయారుచేసుకున్న ప్రశ్నల్లో మొదటిది ఎండదెబ్బ ఎప్పుడైనా తగిలిందా అని. నేను దాన్ని తెలుగులో అడిగాను.

"ఎండెక్కడిదమ్మా మాకు? ఈ సందులో మిట్టమధ్యాన్నం కూడా ఎండ పడదు. ఎండదెబ్బంతే రోడ్డు మీద తిరిగే వోళ్లకి. మాకేటి?"

"మరి లోపల ఎలా ఉంటుంది పెద్దమ్మా?"

"లోపలా? ఉడికిపోతాం. రేకులు కాలి సెగ కిందకి దిగుతాది. ఈయన మధ్యాన్నం పడుకోడు. పడుకుంతే గుండెల మీద ఎవులో కూకున్నట్టుంతాదంట. రాత్రికీ అంతే."

ఆయన మంచం మీద నుంచి నవ్వి, "పడుకుందామనే ఉంతాది. ఊపిరి పడుకోనివ్వదు" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో డాక్టరుకి అదంతా చెప్పాను. ఆవిడ సంచిలోంచి ప్రశ్నల కాగితం తీసి మొదటి ప్రశ్న కొట్టేసింది. తర్వాత, "అయితే ఎండ గురించి అడగకూడదు. నిద్ర గురించి అడగాలి" అంది. ఆ వారమే ప్రశ్నలన్నీ తిరగరాశాం. మొదటి ప్రశ్న మధ్యాహ్నం పడుకోగలుగుతున్నారా అని పెట్టాం. ఇక ఏ ఇంటికి వెళ్లినా మాటలు ఆగేవి కావు.

ఆ తర్వాతి రోజులు నా ఉద్యోగ జీవితంలోకెల్లా సంతోషంగా గడిచిన రోజులు. ముగ్గురం క్యాంటీన్‌లో కూర్చుని వాదించుకునేవాళ్లం. ఆర్కిటెక్టు మాటలు తక్కువ మనిషి. చేతికి దొరికిన కాగితం మీదల్లా పైకప్పులు గీసేవాడు. డాక్టరు ప్రతిదానికీ కొలిచి చూద్దాం అనేది. వాళ్లు 'ఉష్ణోగ్రత' అన్నచోటల్లా ఆ సందులో జనం ఏమంటున్నారో నేను చెప్పేదాన్ని. సెగ వేరు, ఉక్క వేరు, ఒళ్లు కాగడం వేరు. సెగ అంటే పైకప్పు నుంచి దిగేది, ఉక్క అంటే గాలి ఆడకపోవడం. ఆర్కిటెక్టుకి ఈ తేడా వినగానే గదికి రెండు వైద్యాలు కావాలని తట్టింది. పైన రేకులకి ఎండని వెనక్కి కొట్టే తెల్లరంగు, గోడలో ఎత్తుగా ఒక చిన్న గాలిదారి. ఒక మాట పట్టుకుని ఒకాయన ఇంటికి కిటికీ పెడతాడని నేను అంతకుముందు ఊహించలేదు.

ఆ గదుల యజమానికి పెద్దరోడ్డు మీద దుకాణం ఉంది. అక్కడివాళ్లంతా ఆయన్ని బాడీవాలా, అంటే ఇంటాయన, అంటారు. అనుమతి అడగడానికి భయపడుతూనే వెళ్లాం. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి, టీ తెప్పించి, సందేశ్ మిఠాయి పెట్టి, "మంచి పనే కదా దాదా, నా గదులు బాగుపడతాయంటే నేనెందుకు కాదంటాను?" అన్నాడు. ఇంత తేలిగ్గా అయిపోయిందేమిటా అని ముగ్గురం సంబరపడుతూ బయటికి వచ్చాం.

చలికాలం చివర్లో ఆ సందులో చాలా గదులకి గాలిదారులు పెట్టి, రేకులకి రంగు వేశాం. పెద్దమ్మ మొదట ఒప్పుకోలేదు. వానకి కారకుండా రేకుల మీద పరిచిన టార్పాలిన్, దాని మీద పేర్చిన ఇటుకలు తియ్యడానికి వీల్లేదంది. కారితే తనే వచ్చి బాగుచేస్తానని ఆర్కిటెక్టు మాటిచ్చాక దిగివచ్చింది. ఇక ఆ రోజంతా కిందనుంచి కేకలు. "ఆ మూల వదిలేసినావు బాబూ! మనసు పెట్టి వెయ్యి!" ముసలాయన మంచాన్ని సందులోకి వేయించుకుని, మెడ ఎత్తి చూస్తూ, "ఓడకి రంగేసినట్టే ఉంది" అని మురిసిపోయాడు.

ఆ వైశాఖంలో ఊరు నిప్పుల కొలిమిలా ఉంది. బళ్లకి ముందుగానే సెలవులిచ్చేశారు. ఒక మధ్యాహ్నం ముగ్గురం ఆ గదికి వెళ్లాం. గుమ్మంలోనే పెద్దమ్మ మమ్మల్ని ఆపేసి, నోటి మీద వేలు పెట్టుకుంది.

"పడుకున్నాడు" అంది గుసగుసగా.

లోపల ఆయన గోడవైపు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని గాఢంగా నిద్రపోతున్నాడు. గది మరీ చల్లగా ఏమీ లేదు. కానీ లోపలికి వెళితే మొహాన కొట్టే ఆ సెగ లేదు. డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకుంది. మేం మాట్లాడకుండా సందు చివరిదాకా నడిచి వచ్చేశాం. ఆయన నిద్ర చెడగొట్టకూడదని, గోడకి తగిలించిన మా ఉష్ణోగ్రత కొలిచే పెట్టెని కూడా ఆ రోజు చూడలేదు.

ఆ ఏడాది మాకు చాలా పేరొచ్చింది. విదేశం నుంచి ప్రొఫెసరు వచ్చి సందంతా తిరిగాడు. పక్క మేడ ఎక్కి తీసిన ఫోటోలో ఆ తెల్లటి రేకులు, వాటి నడుమ సందులో చెయ్యెత్తి నిలబడిన పెద్దమ్మ. ఆ ఫోటో మా పరిశోధన వ్యాసంతో అచ్చయింది, ఎన్నో సభల్లో తెర మీదికి ఎక్కింది. వైద్యం, నిర్మాణం, భాష చేతులు కలిపితే ఏమవుతుందో చూడండి అని వక్తలు చెబుతుంటే నేనూ ముందు వరసలో కూర్చుని పొంగిపోయాను. ఆ తర్వాత పథకం గడువు తీరింది. పొడిగిస్తారనుకున్నాం, పొడిగించలేదు. ముగ్గురం కలిసి భోంచేసి, తరచూ కలుద్దామనుకుని ఎవరి డిపార్ట్‌మెంటుకి వాళ్లం వెళ్లిపోయాం.

వానాకాలం అయ్యాక పరీక్షలు, పేపర్లు దిద్దడం, కొత్త విద్యార్థులు. ఏక్‌బాల్‌పూర్ వెళ్లడం పడలేదు. క్రిస్మస్‌కి మాత్రం వెళ్లాలనుకుని, పెద్దమ్మకి ఇష్టమని పండ్లకేకు కొనుక్కుని వెళ్లాను.

తలుపు తీసింది ఎవరో కుర్రాడు. లోపల ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు. గోదాములో పనిచేసేవాళ్లట. గిన్నెల వరస ఉన్నచోట వాళ్ల సంచులు, షూలు.

"ముసలివాళ్లా ఆంటీ? ఖాళీ చేసి వెళ్లిపోయారు. షాలిమార్ వైపు అన్నారు" అన్నాడు హిందీలో, ఎంతో మర్యాదగా. నా ముఖం చూసి ఏమనుకున్నాడో, "గది మంచిదే ఆంటీ. ఎండాకాలం చల్లగా ఉంటుందని బాడీవాలా చెప్పాడు. అందుకే అద్దె ఎక్కువైనా తీసుకున్నాం" అని కూడా అన్నాడు.

సందులో వాకబు చేస్తే మిగతాది తెలిసింది. వానలు వెనకబట్టగానే బాడీవాలా అద్దె పెంచాడు. నలుగురు కలిసి ఉండే కుర్రాళ్లు ఇవ్వగలిగింది ముసలి పింఛనుదారు ఇవ్వలేడు. తెలుగువాళ్ల ఇళ్లు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. మేం రంగు వేసిన ఇళ్లే ముందు ఖాళీ అయ్యాయి.

వాళ్ల చర్చివాళ్లని అడిగి చిరునామా పట్టుకుని, ఆ ఆదివారమే నది దాటి షాలిమార్ వెళ్లాను. గూడ్సు యార్డు గోడని ఆనుకుని ఒక వరస గదులు. అవీ రేకులే. మా ఏక్‌బాల్‌పూర్ గదికంటే పొట్టివి. పెద్దమ్మ బియ్యం ఏరుతూ కూర్చుని ఉంది.

"రామ్మా పంతులమ్మా! ఎలగ కనుక్కున్నావు? కేకు తెచ్చినావేటి? అయ్యో, ఇంత దూరం మోసుకొచ్చినావు!"

కోపం కోసం ఆవిడ ముఖంలో వెతికాను. ఉంటే బాగుండనిపించింది. లేదు.

"నాకు ఒక్క ఫోను చేసి ఉండొచ్చు కదా పెద్దమ్మా."

"సేసి? నువ్వేటి సేత్తావమ్మా? నీ పాఠాలు నీకుంతాయి. ఆడి గది, ఆడిష్టం. నలుగురొచ్చి ఎక్కువిత్తామంతే ఆడు మాత్రం వొద్దంతాడేటి?"

ముసలాయన కేకు చిన్న ముక్కలు చేసుకుని, మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకుంటూ తిన్నాడు. బాగుందన్నాడు. గూడ్సు బండి ఒకటి వెళ్లడం మొదలుపెట్టి, ఎంతకీ అయిపోలేదు. అది పోయేదాకా పెద్దమ్మ బియ్యం ఏరుతూనే ఉంది.

ఆ రాత్రే డాక్టరుకి ఫోన్ చేసి చెప్పాను. ఎప్పుడు, ఎలా అని అన్నీ అడిగింది. "మన రంగు వల్లేనా దీదీ?" అని అడిగింది చివరికి. ఆ ప్రశ్నకి ఇద్దరి దగ్గరా జవాబుంది.

విశ్వవిద్యాలయంలో మా భవనంలోనే, నా గదికంటే రెండు అంతస్తులు కింద, న్యాయశాస్త్రం చెప్పే ఒకాయన ఉన్నాడు. అద్దె ఇళ్ల చట్టాలు ఆయన విషయం. టీ దగ్గర రోజూ కనబడే మనిషే. ఈ కథంతా ఆయనకి చెప్పాను. ఆయన కప్పు కింద పెట్టి మెల్లగా అన్నాడు.

"రంగు వెయ్యకముందు అడగాల్సింది. కొన్నేళ్లపాటు అద్దె పెంచను, వీళ్లని ఖాళీ చేయించను అని రాసిమ్మంటే అప్పుడు ఇచ్చేవాడు. ఖర్చు లేకుండా గదులు బాగుపడుతున్నాయి కదా, ఎందుకివ్వడు? ఇప్పుడు అడగడానికి మీ చేతిలో ఏముంది?"

"మీరు ఒక్కసారి చెప్పి ఉంటే..." అన్నాను.

"నన్నెవరూ పిలవలేదు" అన్నాడు. ఎత్తిపొడుపేమీ లేదు అందులో. నిజంగానే ఎవరం పిలవలేదు. సముద్రాల అవతలి ప్రొఫెసరుతో వారం వారం తెర మీద మాట్లాడాం గాని, మా మెట్లు దిగి ఆయన తలుపు తట్టాలని ఎవరికీ తోచలేదు.

ఎండలు మళ్లీ మొదలయ్యేలోగా షాలిమార్ గదికైనా రంగు వేద్దామని ముగ్గురం అనుకున్నాం. పథకం లేదు, పైవాళ్ల అనుమతులూ లేవు. ఆర్కిటెక్టు రంగు డబ్బాలు తెచ్చాడు, డాక్టరు ముసలాయనకి మందులు తెచ్చింది. ఒక ఆదివారం పొద్దున టాక్సీలో హుగ్లీ వంతెన దాటుతుంటే, పాత రోజులు తిరిగొచ్చినట్టే అనిపించింది. డాక్టరు పాట కూడా ఎత్తుకుంది.

డబ్బాలు చూడగానే పెద్దమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"వొద్దు."

టార్పాలిన్ గొడవే అనుకుని ఆర్కిటెక్టు నవ్వుతూ ఏదో చెప్పబోయాడు. ఆవిడ అతని వైపు చూడకుండా నాతో అంది.

"పంతులమ్మా, ఆ బాబుకి సెప్పు. సల్లబడితే మంచి గది అంతారు. మంచి గదంతే మమ్మల్ని ఉండనివ్వరు. ఇలగే ఉండనీండి."

"ఈసారి ముందే యజమానితో రాయించుకుందాం పెద్దమ్మా. మా దగ్గర తెలిసినాయన ఉన్నాడు."

"కాయితాలంతే ఈ ఇంటాయన బెదిరిపోతాడమ్మా. ఎందుకొచ్చిన గోలని ఇప్పుడే పొమ్మంతాడు. అప్పుడెక్కడికెల్తాం?"

లోపల మంచం మీద నుంచి ముసలాయన గొంతు వినిపించింది. "వెయ్యనియ్యవే. ఒక్క ఎండాకాలం పడుకుంతాను."

ఆవిడ వెనక్కి తిరిగింది. "మల్లీ సామాన్లు మొయ్యగలవేటి నువ్వు? సెప్పు. మోత్తావా?"

ఆర్కిటెక్టు డబ్బాలు గోడ పక్కన దించాడు. డాక్టరు ఆయన ఛాతీ పరీక్షించి, మందులు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చెప్పింది. నేను దాన్ని తెలుగులో చెప్పాను. పెద్దమ్మ టీ పెట్టింది. తాగి, డబ్బాలు మళ్లీ టాక్సీలో పెట్టుకుని వచ్చేశాం. వంతెన మీద ఆర్కిటెక్టు, "ఆవిడ చెప్పిందాంట్లో తప్పేం లేదు" అని ఒక్క మాట అన్నాడు.

ఆ ఎండాకాలం మేం చేయగలిగింది ఒక ఫ్యాను కొనివ్వడం, డాక్టరు వీలైనప్పుడల్లా వెళ్లి చూసి రావడం. పెద్దమ్మ గోనెసంచులు తడిపి రేకుల మీద వేసేది. ఒక్కసారి ఆరిపోతే మళ్లీ నిచ్చెన ఎక్కి తడపాలి. పక్కింటివాళ్లు సాయం పట్టేవారు. వానలు ఇంకా పడకముందే, ఒక తెల్లవారుజామున ముసలాయన పోయాడు.

రంగు వేసి ఉంటే బతికేవాడా అని డాక్టరుని అడిగాను. "తెలియదు దీదీ. ఊపిరితిత్తులు ఎప్పుడో పాడైపోయాయి. ఎండ వాటా ఎంతో నేను చెప్పలేను" అంది. ప్రతిదీ కొలిచి చూద్దామనే మనిషి ఆ మాట అనడం నాకు చాలా కష్టంగా అనిపించింది.

సమాధి దగ్గర తెలుగులో పాటలు పాడారు. ఖాళీ అయిపోయిన సందులోని వాళ్లంతా ఎక్కడెక్కడి నుంచో వచ్చి అక్కడ మళ్లీ ఒకచోట చేరారు. మా ఎండదెబ్బ ప్రశ్నకి నవ్వినవాళ్లు, గాలిదారి ఎక్కడ పెట్టాలో ఆర్కిటెక్టుతో దెబ్బలాడినవాళ్లు. అందరూ నన్ను పలకరించారు. ఎవరూ నిష్ఠూరమాడలేదు. పెద్దమ్మ నా చేతిని తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "మీరేసిన రంగు కింద ఒక ఏడు సుకంగా పడుకున్నాడమ్మా. అది నేదంతే పాపం" అంది. ఆ మాట నన్ను ఓదార్చడానికే అన్నదని తెలుసు. నాకు మాత్రం ఆ ఒక్క ఏడే గుచ్చుకుంది.

ఆవిడ ఖరగ్‌పూర్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. రైల్వే క్వార్టరు, పక్కా ఇల్లు, బాగానే ఉంది అంటుంది. డాక్టరు ఇప్పుడు వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తోంది. ఆర్కిటెక్టు పాఠాలు మానేసి పెద్ద పెద్ద అద్దాల భవనాలు కట్టే కంపెనీలో చేరాడు. ఎప్పుడైనా కలిస్తే సినిమాల గురించి, ఆఫీసుల గురించి మాట్లాడుకుంటాం. ఏక్‌బాల్‌పూర్ మాట ఎవరం ఎత్తం.

కిందటేడు విశ్వవిద్యాలయం మళ్లీ అలాంటి పథకమే మొదలుపెట్టింది. మనుషులందరూ కొత్తవాళ్లు. నన్ను పిలిచారు. న్యాయశాస్త్రం ఆయన ఉంటేనే వస్తానన్నాను. ఆయన వచ్చాడు. రేవు వైపే రెండు సందులు ఎంచుకున్నాం. ఈసారి కప్పుల జోలికి వెళ్లకముందే అద్దె షరతుల కాగితంతో యజమానుల దగ్గరికి వెళ్లాం. ఒకాయన కొన్నాళ్లు సాగదీసి, చివరికి సంతకం పెట్టాడు. ఆ సందులో రంగు పడింది. రెండో ఆయన కాగితం మొత్తం చదివించుకుని, దాన్ని మడిచి మా చేతికే ఇచ్చేశాడు. "నా గదుల మీద నాకు షరతులా? అక్కర్లేదు. రంగూ అక్కర్లేదు" అన్నాడు.

న్యాయశాస్త్రం ఆయన ఇంకో రెండుసార్లు వెళ్లి మాట్లాడాడు. లాభం లేకపోయింది. షరతులు లేకుండానే వేసేద్దామని బృందంలో కొందరన్నారు. ఒక్క ఏడాదైనా నిద్రపోతారు కదా అన్నారు. నేను ఒద్దన్నాను. ఒద్దని చేసిన నిర్ణయంలో నా మాటా ఉంది.

అది చెప్పడానికి ఆ రెండో సందుకి నేనే వెళ్లాను. చైత్రం చివరికొచ్చింది. పొద్దున్నే ఉక్కపోస్తోంది. మొదటి గదిలో ఉండే ఆమె, ఒడిలో పసిబిడ్డకి తాటాకు విసనకర్రతో విసురుతూ గుమ్మంలో కూర్చుని ఉంది. పక్క సందులో తెల్లబడ్డ రేకులు ఆమె చూసి వచ్చింది.

"మాకెప్పుడు వేస్తారు దీదీ?" అని అడిగింది.

వేయడం లేదని చెప్పాను. ఎందుకని అడిగింది. గుమ్మం మీద ఆమె పక్కనే కూర్చుని, నాకు తెలిసిన బెంగాలీలో, బాడీవాలా సంగతీ, అద్దె సంగతీ, అంతకుముందు జరిగిందీ, అంతా చెప్పాను. ఆమె విసరడం ఆపకుండా చివరిదాకా విన్నది. అర్థమైందని తలూపింది. తర్వాత బిడ్డని భుజం మీదికి మార్చుకుని, పైన రేకుల వైపు ఒకసారి చూసి, లోపలికి వెళ్లిపోయింది.